పక్కన పెట్టిన పాట

రాక్ సంగీత చరిత్రలు చదువుతుంటే ఒక మాట పదే పదే తగులుతుంది: 1978లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ప్యాటీ స్మిత్‌కి ఒక హిట్ పాట ఇచ్చాడని. ఆ ‘ఇచ్చాడు’ దగ్గరే నాకు పేచీ.

‘డార్క్‌నెస్ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ టౌన్’ ఆల్బమ్ కోసం రికార్డు చేసిన పాటల్లో చాలావాటిని స్ప్రింగ్‌స్టీన్ బయటికి రానివ్వలేదు. వాటిలో ‘ఫైర్’ని పాయింటర్ సిస్టర్స్ పాడితే 1979లో అమెరికా పట్టికలో రెండో స్థానానికి చేరింది. ‘బికాజ్ ద నైట్’ సంగతి వేరు. అది అప్పటికి పూర్తి పాట కూడా కాదు. బాణీ ఉంది, పల్లవి ఉంది, చరణాలు కుదరలేదు. ఇద్దరితోనూ పనిచేస్తున్న జిమ్మీ ఐయోవీన్ ఆ టేపు ప్యాటీకి చేర్చాడు. తన పాటలు తానే రాసుకునే మనిషి కదా, ఆమె కొన్నాళ్లు దాన్ని వినలేదు.

ఒక రాత్రి న్యూయార్క్‌లో ఆమె ఫోన్ కోసం ఎదురుచూస్తోంది. డెట్రాయిట్‌లో ఉన్న ప్రియుడు ఫ్రెడ్ స్మిత్ చేయాల్సిన వేళ దాటిపోయింది. ఏమీ తోచక టేపు పెట్టింది. అర్ధరాత్రి ప్రాంతంలో ఫోన్ మోగేసరికి చరణాలు పూర్తయ్యాయి.

1986లో వచ్చిన కచేరీ రికార్డుల్లో స్ప్రింగ్‌స్టీన్ సొంత చరణాలు వినండి. అందులో మగవాడు పగలంతా ఎండలో ఒళ్లు వంచి పనిచేసి వస్తాడు. ప్యాటీ చరణాల్లో ఆ ఎండ లేదు. ఫోన్ ఉంది, సందేహం ఉంది, ఒంటరి గది ఉంది. ‘రింగ్’ అన్న ఒక్క మాటలో ఉంగరాన్నీ ఫోన్ మోతనీ కలిపేసింది. క్షేత్రయ్య పదాలు చదివిన మనకి ఎదురుచూసే నాయిక కొత్తేమీ కాదు. కాని అక్కడ ఆమె గొంతుతో రాసింది పురుషుడు. ఇక్కడ ఎదురుచూస్తున్న మనిషే రాసుకుంది. పైగా కోరికని ఆకలి అని నేరుగా అంది, సిగ్గుపడలేదు.

ఆ పాట అమెరికాలో 13వ స్థానానికి, బ్రిటన్‌లో 5వ స్థానానికి వెళ్లింది. రచయితలుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా చరిత్రకారులకి గుర్తుండేది దాత పేరే! స్ప్రింగ్‌స్టీన్ స్టూడియో రూపం 2010లో ‘ద ప్రామిస్’లో గాని బయటికి రాలేదు. అంతకు ముందే, 1993లో, ‘10,000 మేనియాక్స్’ బృందంతో నటాలీ మర్చంట్ ఈ పాట అందుకుంది. ఆమె పాడింది ఎండలో మగవాడి చరణాలు కాదు, ఫోన్ పక్కన కూర్చున్న ప్యాటీవి.