ఓరుగల్లు ఏలుబడిలో సుగంధాల రేవు

క్షౌరం ముగిసిన తరువాత చెంపలకు రాచుకొనే కొలోన్ నీటి వాసన ఎరుగని పురుషులు మన వరంగల్లులో అరుదు. సీసా మూత తీయగానే నిమ్మ, నారింజ తొక్కల చురుకుదనం ముక్కుకు సోకుతుంది. అవి తేలిక తైలాలు, కొద్దిసేపటికే ఆవిరైపోతాయి. పేరుపొందిన పురుష పరిమళాలలో అనేకం వాటి అడుగున మరొక వాసనను దాచుకొని ఉంటాయి. సాయంకాలం వరకు చొక్కాను వదలని ఆ గంభీరమైన వాసన తరచు చందనానిది. పూర్వం జవ్వాదిది కూడా.

ఇటలీ నుండి వచ్చిన ఫరీనా సోదరుల సంస్థ జర్మనీలోని కొలోన్ నగరంలో 1709లో వెలసింది. ఆ ఊరి పేరే ఆ నీటికి స్థిరపడింది. అంతకు నాలుగున్నర శతాబ్దాల ముందే చందనం, జవ్వాది మన కాకతీయుల ఏలుబడిలో ఉన్న మోటుపల్లి రేవులో సరుకులుగా లెక్కకు వచ్చాయి.

ఓరుగల్లుకు సముద్రం లేదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లే ఆ రాజ్యానికి సముద్రద్వారం. అక్కడ గణపతిదేవ చక్రవర్తి 1244లో ఒక అభయశాసనం వేయించాడు. సుంకం చెల్లించవలసిన సరుకుల పట్టీ అందులో ఉన్నది. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, కర్పూర తైలం. వాటి సరసనే ముత్యాలు, దంతం, పగడాలు, పట్టునూలు.

అయితే ఆ శాసనంలో ముఖ్యమైనది పట్టీ కాదు, మాట. గాలివానకు ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొనివస్తే అందులోని సొత్తును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారు. సముద్రం వదిలిన దానిని రాజు తీసుకొనేవాడన్నమాట. ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకులపై దయతోను, కీర్తి కొరకు, ధర్మం కొరకు, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని గణపతిదేవుడు ప్రకటించాడు. చేతికందే ధనాన్ని విడిచి, నమ్మకాన్ని సంపాదించుకొన్నాడు.

1323లో ఓరుగల్లు పతనమైంది. అయినా 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చాడు. రాజ్యం పోయినా రేవుకు ఆ మాట అవసరమైంది.

చందనపు చెక్కను రాయిమీద అరగదీస్తే పరిమళం వస్తుంది. కాని ఆ చెక్క రేవు దాటి మన గడపకు చేరాలంటే, దానిని తెచ్చే మనిషికి తన సొత్తు తనదేనన్న ధైర్యం ఉండాలి. మోటుపల్లి శాసనం ఇచ్చినది ఆ ధైర్యమే.