రేచుకుక్క పూర్వచరిత్ర: శిలాజ దంతాల సాక్ష్యం

జంతువు మరణించాక చర్మం, కండ త్వరగా నశిస్తాయి. ఎముకలూ చాలావరకు ముక్కలవుతాయి. గట్టి ఎనామిల్ పూత గల దంతాలు మాత్రం లక్షల ఏళ్లు నిలుస్తాయి. అందుకే ప్రాచీన అడవికుక్కల అధ్యయనంలో దంతాలే ప్రధాన ఆధారం.

కుక్క కుటుంబపు జంతువులలో పై దవడలోని నాలుగో అగ్రచర్వణకం, కింది దవడలోని మొదటి చర్వణకం కత్తెర అంచుల్లా కలిసి మాంసాన్ని కోస్తాయి. ఆ కింది పంటి వెనుక భాగం నమలడానికి పనికొస్తుంది. తోడేలు, నక్కలకు అక్కడ రెండు మొనలు ఉంటే, రేచుకుక్కకు పదునైన మొన ఒక్కటే ఉంటుంది. కింది దవడకు ఇరువైపులా చివరి చర్వణకం కూడా ఉండదు. కనుక తోడేలుకు 42 దంతాలుంటే, రేచుకుక్కకు 40 మాత్రమే. దాదాపు పూర్తిగా మాంసాహారంపై జీవించే జంతువు లక్షణాలివి. శిలాజాలలోనూ పరిశోధకులు వీటినే వెదకుతారు.

భారతదేశంలో ఈ అధ్యయనానికి శివాలిక్ కొండలు ముఖ్య క్షేత్రం. అక్కడ సేకరించి బ్రిటిష్ మ్యూజియంలో భద్రపరచిన శిలాజాలను పరిశీలించి, భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1880లో కేనిస్ కాట్లీ సహా కుక్క కుటుంబపు ప్రాచీన జాతులను వర్ణించారు.

జార్జియాలోని ద్మనిసిలో లభించిన సుమారు 18 లక్షల ఏళ్ల నాటి వేటకుక్క శిలాజాల వివరాలు 2021లో వెలువడ్డాయి. దంతాల అరుగుదల స్వల్పంగా ఉండటంతో అది యౌవనంలో ఉన్న జంతువని పరిశోధకులు నిర్ధారించారు. ఆదిమ మానవుల అవశేషాలు లభించిన ప్రదేశం కూడా అదే.

రేచుకుక్క శిలాజాలు ఐరోపాలోనూ, మెక్సికోలోని శాన్ జోసెసిటో గుహలోనూ దొరికాయి. ఒకప్పుడు మూడు ఖండాలలో సంచరించిన ఈ జంతువు నేడు ఆసియాకే పరిమితమైంది. తెలుగు నేలపై నల్లమల అడవులు దాని ఆవాసాలలో ఒకటి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2015 అంచనా ప్రకారం ప్రపంచంలో సంతానోత్పత్తి దశకు చేరిన రేచుకుక్కలు 949 నుంచి 2,215 మాత్రమే. ఆహార జంతువులు తగ్గడం, అడవులు ముక్కలు కావడం, ఊరకుక్కల నుంచి వ్యాధులు సోకడం దీనికి ముఖ్య కారణాలు. మాంసం కోయడానికే ప్రత్యేకించిన దంతాలు గల జంతువుకు జింకలు, దుప్పులు లేని అడవిలో మనుగడ కష్టం.