మగపిల్లవాడి ఒంటిమీద ఎవరి చూపు? ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో కౌమార పునరుత్పత్తి ఆరోగ్యం

ఆడపిల్ల పెద్దమనిషైతే ఊరంతటికీ తెలుస్తుంది. చాపా చెంబూ వేరుచేస్తారు, చిమ్మిలి దంచుతారు, మేనమామ చీర తెస్తాడు, స్థోమత ఉంటే ఫంక్షన్ హాలు, వీధి మొగలో ఫ్లెక్సీ. అదే వయసులో మగపిల్లవాడి ఒంట్లో జరిగేది కన్నతల్లికి కూడా తెలియదు. ఈమధ్య పంచెకట్టు వేడుకలు ఎక్కువయ్యాయి గానీ వాటి ముహూర్తం పిల్లవాడి ఎదుగుదలను బట్టి పెట్టరు. అక్క ఓణీల ఫంక్షన్‌తో కలిపి ఒకే పందిట్లో, ఒకే ఖర్చులో కానిచ్చేస్తారు.

అలాగని కొడుకు సంతాన యోగ్యత గురించి తల్లిదండ్రులకు బెంగ లేదనుకోకూడదు. బెంగ ఉంది, అది ఉండాల్సిన చోట లేదు. గడువు దాటితే చేతులెత్తేయాల్సిన జబ్బుల దగ్గర లేదు, అసలు జబ్బే కాని వాటి దగ్గర దండిగా ఉంది. ఇంట్లో జరిగే ఈ పొరపాటునే ప్రభుత్వ కార్యక్రమాలు కూడా కాగితాలకెక్కించాయన్నది ఈ వ్యాసంలో నా వాదన. దీన్ని పశ్చిమ నెల్లూరు మెట్టను దృష్టిలో పెట్టుకుని చూస్తున్నాను. ఇక్కడ దూరం కూడా రోగానికి తోడవుతుంది గనక.

ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, మర్రిపాడు, ఆత్మకూరు, అనుమసముద్రంపేట మండలాలు వెలిగొండల నీడన ఉన్న మెట్ట. సోమశిల జలాశయం పక్కనే ఉన్నా దాని నీళ్ళు అందని పొలాలే ఎక్కువ. మగవాళ్ళు బెంగళూరుకో, హైదరాబాదుకో, కువైట్‌కో పోయిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. ఎదిగే కొడుకు బాధ్యత తల్లి మీద, అమ్మమ్మ మీద పడుతుంది. పైగా సంతానం తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటు సంతానం 1.7. పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. ఈ లెక్క రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, పునరుత్పత్తి అంటే ఆడవాళ్ళ వ్యవహారం అన్న అభిప్రాయం ఆసుపత్రుల్లోనూ స్థిరపడిపోయింది. రెండు, తల్లికి ఆపరేషన్ అయిపోయిన ఇంట్లో ఉన్న ఒక్క కొడుకు మీదే వంశం మొత్తం ఆధారపడుతుంది. అయినా సంతానం కోసం మొక్కులు పెళ్ళయ్యాకే మొదలవుతాయి. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో సంతాన రొట్టె పట్టుకోవడానికి వచ్చేది పెళ్ళయిన జంటలు, వాళ్ళ తల్లులు. పదేళ్ళ వయసులో ఆ కొడుకును ఎవరైనా పరీక్షించారా అని అక్కడ అడిగేవాళ్ళుండరు.

నిజానికి మన ఇళ్ళల్లో మగశిశువుకు మొదటి వైద్యపరీక్ష చేసేది నీళ్ళు పోసే పెద్దావిడ. పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను వాటిమీద బోర్లించి, వెల్లకిలా తిప్పి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోస్తుంది. ఆ చేతులకు తగలని అంగం ఉండదు. వృషణాల తిత్తి ఒకవైపు ఖాళీగా ఉంటే ఆమెకు తెలిసిపోతుంది. చిక్కల్లా తర్వాతి మాటతోనే: ‘పెద్దయ్యేకొద్దీ అదే దిగుతుందిలేమ్మా.’ ఇందులో సగమే నిజం. నెలలు నిండి పుట్టిన మగశిశువుల్లో నూటికి రెండు నుంచి నలుగురికి వృషణం కిందికి దిగి ఉండదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో ఇంకా చాలా ఎక్కువ. మూడు నెలలయ్యేసరికి వీళ్ళలో చాలామందికి దానంతటదే దిగుతుంది, మొత్తం మగశిశువుల్లో నూటికి ఒక్కరికి మిగిలిపోతుంది. ఆరు నెలలు దాటాక దిగడం అరుదు. అందుకే ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఆపరేషన్ చేసి దించాలని పిల్లల శస్త్రవైద్యులు చెబుతారు. పొత్తికడుపు వేడిలో ఉండిపోయిన వృషణంలో వీర్యకణాలను పుట్టించే కణజాలం ఏడాదికేడాది దెబ్బతింటుంది, పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పు కూడా మామూలు వాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఒకవైపే దిగకపోతే, సకాలంలో ఆపరేషన్ జరిగితే, ఆ పిల్లవాడు తండ్రి అయ్యే అవకాశం మిగతావాళ్ళతో దాదాపు సమానం. రెండువైపులా దిగకపోతే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. పదిహేనేళ్ళకు బయటపడినా ఆపరేషన్ వృథా కాదు. కానీ పోయిన కణజాలం తిరిగి రాదు.

ఇక్కడే ఒక భయం తీరాలి. చలికో, చన్నీళ్ళకో, డాక్టర్ చెయ్యి తగిలినందుకో వృషణం పైకి పోయి, వేడినీళ్ళ స్నానంలో కిందికి వస్తే అది దిగని వృషణం కాదు. ఎదిగే వయసులో స్థిరపడుతుంది. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. ఒకటి కాస్త కిందికి, ఒకటి పైకి వేలాడటం కూడా సహజమే. గజ్జల్లో దగ్గినప్పుడు పొంగి, పడుకుంటే పోయే వాపును మాత్రం వరిబీజమని తేల్చేసి ఊరుకోకూడదు. పిల్లల్లో అది హెర్నియా కావచ్చు.

పిల్లవాడికి ఏడెనిమిదేళ్ళు రాగానే స్నానాలగది తలుపు మూసుకుంటుంది. అక్కడినుంచి పెళ్ళిదాకా వాడి ఒంటిమీద ఎవరి చూపూ ఉండదు. ఉదయగిరిలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న ముస్లిం కుటుంబాల్లో సున్తీ వల్ల ఒక్కసారైనా మరొకరి కంట పడుతుంది. హిందూ కుటుంబాల్లో ఆ ఒక్కసారీ లేదు. ఈ ఖాళీని పూడ్చాల్సింది బడికి వచ్చే వైద్యబృందం. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలందరినీ పరీక్షించాలంటుంది. పట్టికలో మొదట ముప్పై జబ్బులున్నాయి. గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదం ఉంది, పిప్పిపళ్ళు ఉన్నాయి. దిగని వృషణం లేదు. పుట్టుకతో వచ్చే లోపాల్లో ఇంత మామూలుగా కనిపించేదానికి అక్కడ గడి లేకపోవడం వింతే. ఇక ముప్పై ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా కౌమార సమస్యలు: ఎదుగుదల ఇబ్బందులు, మత్తు అలవాటు, దిగులు, నెలసరి ఆలస్యం, నెలసరి క్రమం తప్పడం, మూత్రంలో మంట, జననాంగాల నుంచి స్రావం, నెలసరి నొప్పి. ఎనిమిదింటిలో మూడు నెలసరివే. అవి ఉండాల్సిందే, అందులో వాదన లేదు. కానీ మగపిల్లవాడికి ప్రత్యేకించినది ఒక్కటీ లేదు.

మగపిల్లవాడి ఒంటి గురించి పట్టికలో గడి, ఇంట్లో మాట లేనందుకు చెల్లించే మూల్యం వృషణం మెలిపడ్డ రాత్రి తెలుస్తుంది. వృషణాన్ని పట్టి ఉంచే నాళం మెలితిరిగి రక్తప్రసరణ ఆగిపోవడం ఇది. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో ఎక్కువ. ఆటలో దెబ్బ తగలక్కర్లేదు, నిద్రలోనే జరగొచ్చు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతి, ఒకవైపు వృషణం పైకి లాగినట్టుండటం గుర్తులు. ఆరు గంటల్లోపు మెలి విప్పితే పదింట తొమ్మిది వృషణాలు దక్కుతాయి, పన్నెండు గంటలకు సగం, ఇరవై నాలుగు గంటలు దాటితే దక్కేది అరుదు. ఈ గడియారాన్ని ఉదయగిరి కొండ కింద పల్లెలో పెట్టి చూడండి. రాత్రి ఒంటిగంటకు నొప్పి మొదలైంది. పిల్లవాడు సిగ్గుపడి ‘కడుపునొప్పి’ అన్నాడు. తల్లి వాము నీళ్ళు తాగించింది. ఫోన్లో కువైట్ నుంచి తండ్రి తెల్లారాక చూపించమన్నాడు. తెల్లారి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేశాడు. నొప్పి కాస్త తగ్గింది, దాంతో ధైర్యం వచ్చింది. మధ్యాహ్నం ఉదయగిరి ప్రభుత్వాసుపత్రి, అక్కడినుంచి ఆత్మకూరు, అక్కడినుంచి నెల్లూరు. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. ఆపరేషన్ బల్ల ఎక్కేసరికి ఆరు గంటలు ఎప్పుడో గడిచిపోయాయి. ఇది కల్పించి చెప్పిన వరస. కానీ ఇందులో ఒక్కో మెట్టూ మెట్టవాళ్ళకు పరిచయమే. ఈ ఆలస్యంలో రోడ్డు తిన్నది సగమైతే సిగ్గు తిన్నది సగం. రోడ్డును మనం ఇప్పటికిప్పుడు కుదించలేం.

గవదబిళ్ళల సంగతి క్లుప్తంగా చెబుతాను. యుక్తవయసు వచ్చాక ఇవి సోకిన మగపిల్లల్లో నూటికి ఇరవై ముప్పై మందికి వృషణాలకు వాపు రావచ్చు, చాలామటుకు ఒకవైపే. పూర్తి వంధ్యత్వం అరుదు. ప్రభుత్వ టీకాల పట్టికలో 2017 నుంచి ఉన్నది తట్టు, రుబెల్లా టీకా. గవదబిళ్ళల టీకా అందులో లేదు, బయట కొనుక్కోవాల్సిందే. మరొకటి వెరికోసీల్: తిత్తిలో, ఎక్కువగా ఎడమవైపు, సిరలు పురుగుల మూటలా ఉబ్బడం. కౌమారంలో నూటికి పదిహేను మందికి ఉంటుంది, వాళ్ళలో అత్యధికులు తండ్రులవుతారు. ఆ వైపు వృషణం ఎదుగుదల ఆగితేనే వైద్యం గురించి ఆలోచిస్తారు.

‘మావాడికి పద్నాలుగేళ్ళొచ్చినా గొంతు మారలేదు’ అనే తల్లులకు తొలి సూచన: మీ ఆయనకు మీసం ఎప్పుడొచ్చిందో అత్తగారిని అడగండి. ఆలస్యపు ఎదుగుదల చాలా ఇళ్ళల్లో తండ్రి పోలికే. పద్నాలుగు దాటినా వృషణాలు పెరగడం మొదలవకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, పోషకాహార లోపం, థైరాయిడ్ కూడా కారణాలు కావచ్చు. దేశంలో 15-19 ఏళ్ళ మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. బడిలో ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రలు ‘ఆడపిల్లలవి’ అని పారేసే మగపిల్లలకు ఈ సంగతి చెప్పాలి. ఛాతీ ఉబ్బిందని చొక్కా విప్పని పిల్లలకూ ఒక మాట: ఆ వయసులో సగం మందికి పైగా అలా అవుతుంది, ఏడాది రెండేళ్ళలో తగ్గుతుంది.

ఇక జబ్బే కాని బెంగ. నిద్రలో వీర్యం పోతే ఒళ్ళు గుల్లవుతుందన్న భయాన్ని వైద్యశాస్త్రంలో మొదట ప్రత్యేక మానసిక లక్షణంగా గుర్తించి 1960లో పేరుపెట్టింది మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్. ఆ భయంతో వచ్చే నీరసం, నిద్రలేమి, దిగులు నిజమైనవే. కారణం మాత్రం వీర్యనష్టం కాదు. ఈ భయం చుట్టూ పెద్ద వ్యాపారం ఉంది. బస్టాండు గోడల మీద, మూత్రశాలల తలుపుల మీద ‘నరాల బలహీనత’కు మందులమ్మే ప్రకటనలు చూడనివాళ్ళెవరు? 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టానికి జోడించిన జాబితాలో నరాల బలహీనత ఉంది, వరిబీజం ఉంది, నపుంసకత్వం ఉంది. వీటిని నయం చేస్తామని ప్రకటించడమే నేరం. ఏడు దశాబ్దాల చట్టం, ఆ గోడల మీద మాత్రం సున్నం వేసినవాళ్ళు లేరు. పిల్లవాడి దిగులు ముదిరితే అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోవడం ఈ ప్రాంతంలో మామూలే. మతాలకతీతంగా మానసిక బాధలతో వచ్చేవాళ్ళ చోటది. అక్కడికి వెళ్ళొద్దనడం నా ఉద్దేశం కాదు, 14416 టెలీమానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ దొరుకుతారని కూడా తెలియాలి. తెలుగునాట ఈ చీకటిని పలచన చేసినవారిలో విజయవాడ డాక్టర్ జి. సమరం ముందుంటారు. వారపత్రికల్లో ఆయన జవాబులను తల్లిదండ్రులు దాచిపెట్టారు, పిల్లలు వెతికి చదివారు. కొడుకుతో మాట్లాడాల్సింది పత్రికకు వదిలేశామన్నమాట.

బడి ఏం చేసింది? కౌమార విద్యా కార్యక్రమం 2005లో వచ్చింది, 2007 నాటికే పలు రాష్ట్రాల్లో ఆగింది. సి.బి.ఎస్.ఇ. బడుల్లో లైంగిక విద్య వద్దన్న పిటిషన్‌ను విచారించిన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో నివేదిక ఇచ్చింది. బడుల్లో లైంగిక విద్య ఉండకూడదని, కౌమారంలో శారీరక, మానసిక మార్పుల పాఠాన్ని ఉన్న చోట తీసేసి, ఇంటర్ స్థాయి జీవశాస్త్రంలోనే పెట్టాలని సిఫారసు చేసింది. కమిటీ అధ్యక్షులు ఎం. వెంకయ్యనాయుడు. 1978లోనూ 1983లోనూ ఇదే ఉదయగిరి నుంచి శాసనసభకు ఎన్నికైన నాయకుడు. కుటుంబ విలువల గురించి కమిటీ పడ్డ ఆందోళనను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఇంటర్ దాకా ఆగమంటే, పదమూడేళ్ళకు మెలిపడే వృషణం ఆగదు. అదృష్టవశాత్తూ సిఫారసు పూర్తిగా అమలు కాలేదు. బడి పుస్తకాల్లో కౌమార దశ పాఠం ఉంది. దాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేయకుండా చెప్పే మాస్టారు కావాలి, అంతే.

2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మగపిల్లలను కూడా లెక్కలోకి తెచ్చింది. వెయ్యి జనాభాకు నలుగురు తోటి బోధకులుండాలని, వారిలో ఇద్దరు మగపిల్లలని, క్లినిక్కుల్లో మగ కౌన్సెలర్లుండాలని చెప్పింది. ఆలోచన సరైనది. కానీ పల్లెలో ఇంటి గుమ్మం దాకా వచ్చే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇద్దరూ ఆడవాళ్ళే. పదిహేనేళ్ళ కుర్రాడు వాళ్ళను ‘అక్కా’ అంటాడు గానీ ఈ మాట చెప్పడు.

తాగునీటిలోని ఫ్లోరైడ్ గురించి కూడా తల్లిదండ్రులు అడుగుతారు. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. పళ్ళకూ ఎముకలకూ అది చేసే హాని తిరుగులేనిది. సంతాన యోగ్యతను దెబ్బతీస్తుందన్న మాటకు ఇప్పటిదాకా ఉన్న ఆధారాలు ఎక్కువగా జంతువుల మీద చేసిన ప్రయోగాలవి. దాన్ని చూపించి మిగతా పరీక్షలు మానుకోకూడదు.

బడి పరీక్షల కార్డులో ‘రెండు వృషణాలూ దిగి ఉన్నాయా’ అని ఒక గడి చేర్చడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఐదో తరగతిలో ఒకసారి, మగ డాక్టరు, తండ్రి లేదా మేనమామ సమక్షంలో, తెర చాటున, రెండు నిమిషాలు చాలు. టీకాకు వచ్చిన ఆరు నెలల బిడ్డ విషయంలో ఏఎన్‌ఎం అదే ప్రశ్న తల్లిని అడగాలి. దిగలేదని తేలితే ఉచిత శస్త్రచికిత్స సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రాత్రిపూట కొడుకు పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుంటే, నొప్పి ఇంకా కిందికి ఉందా అని తల్లే నోరు తెరిచి అడగాలి. ఉందంటే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో కనుక్కుని నేరుగా అక్కడికే పొండి.