భుజసంధిలో గచ్చుపని

1893లో పారిస్ నగరమున జూల్ ఎమీల్ పేయాన్ అను శస్త్రవైద్యుడు, క్షయవ్యాధిచే భుజసంధి చెడిపోయిన 37 ఏండ్ల రొట్టెల పనివానికి చేయి తొలగింపక, ప్లాటినపు కాడమీద గట్టి రబ్బరు గుండు నిలిపిన కృత్రిమసంధి నొకదానిని అమర్చెను. దానిని మలచి యిచ్చినవాడు ఒక దంతవైద్యుడు. సుమారు రెండేండ్లకు చీముపట్టి దానిని తీసివేయవలసివచ్చినను, ఆ తొలి యత్నమునకు రూపమిచ్చిన చేయి పండ్లు కట్టువారిదని జ్ఞాపకముంచుకొనుట న్యాయము. ఏలయన, కృత్రిమసంధులను ఎముకలో స్థిరపరచిన సిమెంటు సైతము అరువదేండ్లు దాటిన పిమ్మట ఆ యింటినుండియే వచ్చినది.

స్థిరపరచుటయే అసలు చిక్కు. పేయానుకు కొంచెము ముందుగా బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లూక్ ఏనుగుదంతపు కీళ్లను గుగ్గిలము, తేలికరాతి పొడి, ప్లాస్టరు కలిపిన లేపముతో ఎముకలకు పట్టించి చూచెను. చీము వాటిని నిలువనీయలేదు. 1958లో ఇంగ్లండున జాన్ చార్న్లీ, మాంచెస్టరులో దంతవైద్య పదార్థములను పరిశోధించు డెన్నిస్ స్మిత్ సలహాపై, కట్టుడు పండ్ల ఆక్రిలిక్‌ను తుంటికీలునకు తెచ్చెను. పొడిని ద్రవముతో కలుపగా అది ముద్దయై, వేడెక్కి, కొలది నిమిషములలో రాయియగును. దీనిని జిగురని భ్రమింపరాదని చార్న్లీ పట్టుపట్టెను. రాళ్లనడుమ సందులు పూడ్చి, గోడ బరువును ఏ యొక్క రాతిమీదను పడనీయక అన్నిటికిని పంచు గచ్చువలె, ఇది ఎముకలోని సన్నని రంధ్రములలో చొచ్చుకొని భారమును పంచునని ఆయన గ్రహించుటయే, నా దృష్టిలో, ఆ పదార్థమును కనుగొనుటకంటె గొప్ప సంగతి.

భుజమునకు వచ్చునప్పటికి ఈ గచ్చుపని మిక్కిలి సున్నితమైనది. న్యూయార్కున చార్లెస్ నీర్ 1955లో ప్రకటించిన లోహపు గుండు బాహువు ఎముకకు మాత్రమే చేరినది. ఆపై రెండు దశాబ్దములకు ఆయన రెక్క ఎముక గిన్నెకు ప్లాస్టిక్ తొడుగు నిచ్చి సిమెంటుతో నిలిపెను. ఆ గిన్నె లోతులేనిది, దాని వెనుకనున్న ఎముక స్వల్పము. పైగా అందులో నెత్తురు ఊరుచుండును. నెత్తురుతడి యున్నచోట సిమెంటు ఎముకను పట్టదు. ఆదిలో వ్రేలితో కుక్కిన ముద్దను, తరువాతివారు గిన్నెను నీటిధారతో కడిగి, గుడ్డతో అద్ది యారబెట్టి, సిరంజితో ఒత్తి లోనికి పంపిరి. తొడుగునకు దూలమువంటి పట్టుకు మారుగా చిన్న మేకు లమర్చి, ఒక్కొక్క మేకు చుట్టును పలుచని పొర మాత్రమే మిగిల్చిరి. ఇంతచేసినను, కాలక్రమమున ముందుగా వదులగునది తరచు ఈ గిన్నెయే. 1985లో ఫ్రాన్సు దేశపు దిజోనులో పోల్ గ్రామోన్ గుండును గిన్నె స్థానమునకును, గిన్నెను గుండు స్థానమునకును మార్చిన కీలునందును తొలుత సిమెంటే వాడెను; అది నిలువకపోవుటచే తరువాత మరలతో బిగించెను.

నేటికిని మేకుల తొడుగు నునిచిన వైద్యుడు దానిని వ్రేలితో అదిమిపట్టి, బల్లమీద మిగిలిన సిమెంటు ముద్ద గట్టిపడువరకు చేయి కదల్చడు.