జర్మనీ పల్లెల్లో వేట కౌలు

జర్మన్ రాజ్యాల్లో 1848 దాకా చాలాచోట్ల పొలం రైతుది, అందులో మేసే దుప్పి ప్రభువుది. పైరు తింటున్న జంతువును చంపితే రైతుకు శిక్ష. ప్రభువు వేటకు వచ్చిన రోజున మృగాలను తోలే వెట్టి కూడా రైతుదే. అందుకే ఆ ఏడాది విప్లవం రేగినప్పుడు పల్లెలు గట్టిగా అడిగినవాటిలో వేట హక్కు ఒకటి. పరుల భూమిలో వేటాడే హక్కును ప్రష్యా 1848 అక్టోబరు 31న పరిహారం లేకుండా రద్దు చేసింది. ఎవరి నేల మీద వేట వారిదేనని 1849 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ రాజ్యాంగం రాసింది.

హక్కుతోపాటు చిక్కూ వచ్చింది. ఎకరం, రెండెకరాల రైతులందరూ తుపాకి పట్టి గట్టు మీద నిలబడితే మనుషులకు భద్రత ఉండదు, అడవిలో జంతువూ మిగలదు. 1850 మార్చి 7 నాటి ప్రష్యా చట్టం దీనికి దారి చూపింది. ఒకే చెక్కగా 300 మోర్గెన్లు, అంటే సుమారు 77 హెక్టార్లు ఉన్నవారు సొంతంగా వేటాడవచ్చు. అంతకు తక్కువ ఉన్నవారి పొలాలన్నీ కలిపి ఊరి వేట ప్రాంతం అవుతాయి. దాన్ని కౌలుకిస్తే వచ్చే సొమ్మును విస్తీర్ణాన్ని బట్టి పంచుకోవాలి. చెరువులో చేపలను ఊరంతటి తరఫున వేలం వేయడం చూసినవారికి ఇది కొత్తగా తోచదు.

ఆ చట్టంలో ఒక అన్యాయం ఉండిపోయింది. అడవి జంతువులు పంట పాడుచేస్తే పరిహారం అడిగే హక్కు రైతుకు లేదు. కావాలంటే కౌలు పత్రంలో షరతుగా రాయించుకోవాలి. కౌలు కాస్త పెరుగుతుందని ఊరు ఆ షరతు వదులుకుంటే, డబ్బు అందరికీ అందుతుంది, నష్టం అడవి అంచు రైతు ఒక్కడికే మిగులుతుంది. అలా కుదిరిన ధర ఎంత పెద్దదైనా న్యాయమైనది కాదు. 1891లో ప్రష్యా తెచ్చిన చట్టం, 1900లో అమలైన జర్మన్ పౌర స్మృతి ఈ లోటును పూడ్చాయి.

దేశమంతటికీ ఒకే వేట చట్టం 1934లో నాజీల కాలంలో వచ్చింది. యుద్ధం తర్వాత తూర్పు జర్మనీ వేటను భూమి హక్కు నుంచి విడదీసింది. పశ్చిమ జర్మనీ 1952లో చేసిన సమాఖ్య చట్టం పాత దారినే సాగింది, 1990లో దేశం ఒకటయ్యాక తూర్పుకూ విస్తరించింది. దాని ప్రకారం సొంత వేటకు 75 హెక్టార్లు, ఉమ్మడి ప్రాంతానికి కనీసం 150 హెక్టార్లు కావాలి. కౌలు గడువు సాధారణంగా 9 ఏళ్లకు తగ్గకూడదు. రెండేళ్లలో ఖాళీ చేయాల్సినవాడు దొరికినదంతా కాల్చుకుపోతాడు, తొమ్మిదేళ్లు ఉండేవాడు రేపటికీ మిగులుస్తాడు. కౌలు ఎవరికివ్వాలో ఆ ప్రాంతపు భూయజమానుల సంఘం తేల్చేటప్పుడు హాజరైన సభ్యుల్లో మెజారిటీ ఉంటే చాలదు, వారి భూమి విస్తీర్ణంలోనూ మెజారిటీ ఉండాలి. పెద్ద రైతు ఒక్కడూ శాసించలేడు, చిన్న రైతులు కూడి అతన్ని తోసిపుచ్చలేరు. చట్టంలో మెచ్చుకోదగ్గ భాగం ఇదే.

ధర ఏడాదికి హెక్టారుకు ఇంత అని పలుకుతుంది. దుప్పులు తిరిగే అడవి ఎక్కువగా ఉంటే, నగరం దగ్గరైతే పెరుగుతుంది. మొక్కజొన్న చేలు, అడవిపందులు పక్కపక్కనే ఉంటే బేరం తిరగబడుతుంది. కంకి పాలు పోసుకునే వేళకు పందులు చేను నడుమకు చేరతాయి. గట్టు మీది నుంచి చూస్తే పైరు నిండుగానే ఉంటుంది, లోపల మాత్రం దంట్లన్నీ నేలకొరిగి ఉంటాయి. నష్టం తెలిసిన వారంలోగా రైతు అధికారులకు చెప్పుకోవాలి. చట్ట ప్రకారం పరిహారం ఇవ్వాల్సింది భూయజమానుల సంఘం. ఆ భారాన్ని కౌలు పత్రంలో వేటగాడి మీద పెట్టడం మామూలు. కొందరు వేటగాళ్లు ఇంత మొత్తం వరకే అని హద్దు రాయించుకుంటారు. కౌలు అంకెతోపాటు ఈ హద్దునూ చూస్తేనే అసలు ధర తేలుతుంది.

వచ్చిన సొమ్మును పంచకుండా పొలం బాటల మరమ్మతుకు వాడే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ తీర్మానానికి ఒప్పుకోని సభ్యుడు తన వాటా అడిగి తీసుకోవచ్చు.

వేటే వద్దనే యజమానికి మాత్రం చాలాకాలం దారి లేదు. ఇష్టం లేకున్నా చిన్న భూయజమానిని ఉమ్మడి వేటలో కట్టిపడేయడం ఆస్తి హక్కుకు భంగమని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2012లో తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది చట్టం మారింది. మనస్సాక్షి ఒప్పక వేటను కాదనేవారు తమ భూమిని విడదీయమని ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలా విడివడిన పొలంలో జంతువులు పంట తింటే పరిహారం రాదు.