పైకప్పు లేని బస్సు

2016 ఆగస్టు 22, సోమవారం. రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచి సింధు ఊరికి వస్తోంది. ఎర్రమంజిల్‌లో మా ఇంట్లో పొద్దున్నే టీవీ పెట్టేశాం. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగింపు. పైకప్పు లేని డబుల్ డెక్కర్ మీద సింధు, పక్కన కోచ్ గోపీచంద్, రోడ్డుకి రెండు వైపులా జనం. నేనూ మా అమ్మాయీ చప్పట్లు కొడుతుంటే మావయ్యగారు మాత్రం "ఇది మన బండి కాదమ్మా" అన్నారు.

నిజమే. అది ముంబయి నుంచి తెప్పించిన బెస్ట్ సంస్థ బస్సు. అక్కడ అలాంటి బస్సుల్లో పర్యాటకులకి ఊరు చూపించేవారు. 2007లో టీ20 ప్రపంచకప్ గెలిచిన ధోనీ జట్టునీ ముంబయిలో పైకప్పు లేని బస్సు మీదే ఊరేగించారు. కారులో వస్తే ముందు వరసలో ఉన్నవాళ్లకే కనిపిస్తారు. అంత ఎత్తున నిలబడితే ఆఖరి వరసలో ఉన్నవాళ్లకీ కనిపిస్తారు.

మావయ్యగారి బాధ వేరు. ఆయన ఆర్టీసీ కండక్టర్. డబుల్ డెక్కర్‌లో కిందొకరు, పైనొకరు ఉండేవారట. ఆయనది పై అంతస్తు. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్లే 7 నంబరు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టిన సంస్థ తమదని గర్వంగా చెప్పేవారు. ఫ్లైఓవర్లు వచ్చాయని, ఖర్చు ఎక్కువని, 2000 దాటాక డబుల్ డెక్కర్లు తీసేశారు. "ఒక్కటి దాచి, కప్పు కోయించి ఉంచినా బాగుండేది. మన పిల్లని మన బండి మీదే తెచ్చుకునేవాళ్లం" అన్నారు ఆ రోజు. రెండేళ్లకి ఆయన పోయారు.

2023 ఫిబ్రవరిలో హెచ్‌ఎండీఏ ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చింది. వీటికి కప్పుంది, ఏసీ కూడా. అత్తయ్యగారిని ట్యాంక్‌బండ్‌కి తీసుకెళ్లాం. మోకాళ్ల నొప్పులున్నా పైకే ఎక్కుతానన్నారు. నేనూ అమ్మాయీ చెరో చెయ్యీ పట్టుకున్నాం. కూర్చున్నాక ఆయాసం తీర్చుకుని, "ఊగే బండిలో రోజూ ఎన్నిసార్లు ఎక్కి దిగేవారో! ఇంటికొచ్చి కాళ్లు పీకుతున్నాయంటే, బస్సులో తిరిగేవాళ్లకి కాళ్లనొప్పులేమిటని నవ్వేదాన్ని" అన్నారు.

అమ్మాయి కిటికీలోంచి హుస్సేన్‌సాగర్ చూపిస్తోంది. ఆవిడ మాత్రం దిగేదాకా మెట్ల వైపే చూస్తూ కూర్చున్నారు.