మారుమనస్సు ఒక్కరోజు పని కాదు

తెలుగు క్రైస్తవులు వాడే మాటల్లో చాలా చక్కని మాట ‘మారుమనస్సు’. పశ్చాత్తాపమంటే చేసిన పనికి కుమిలిపోవడం. మారుమనస్సుకి అది చాలదు. తప్పుదారిన పోతున్నవాడు వెనక్కి తిరిగి, మంచిదారిన నడవాలి కూడా.

బైబిలులో జక్కయ్య అనే సుంకరి కథ వుంది. మనిషి పొట్టివాడు. జనంలో యేసు కనపడక మేడిచెట్టెక్కాడు. ఆయన తన ఇంటికి వచ్చాక, ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, ఎవరిదగ్గరైనా అన్యాయంగా తీసుకుని వుంటే నాలుగింతలు తిరిగి ఇస్తాననీ చెప్పాడు. మనసు మారిందనడానికి డబ్బుసంచీ మూతి విప్పడం కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది చెప్పండి!

కాని అందరూ జక్కయ్యలా ఒక్కపూటలో మారిపోరు. ‘అమేజింగ్ గ్రేస్’ అనే ప్రార్థన గీతం రాసిన జాన్ న్యూటన్ సంగతే చూడండి.

ఆయన 1725లో లండనులో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెను. తల్లి మహాభక్తురాలు. పిల్లవాడికి ఏడేళ్లు నిండకుండానే ఆవిడ క్షయతో పోయింది. పదకొండోయేట తండ్రితో ఓడెక్కిన కుర్రవాడు, పెద్దయ్యేసరికి దేవుణ్ణి వెక్కిరించడంలోనూ, నోటి దురుసులోనూ కలాసీలనే మించిపోయాడు.

1748 మార్చిలో ‘గ్రేహౌండ్’ అనే ఓడలో స్వదేశానికి వస్తుండగా అట్లాంటిక్‌లో పెద్ద తుఫాను పట్టుకుంది. ఓడ పక్క చీలి నీళ్లు లోపలికొచ్చాయి. సరుకులో తేనెమైనం, కలప వుండబట్టి మునగలేదు. గంటల తరబడి నీళ్లు తోడుతూ, చుక్కాని పట్టుకుని నిలబడి, ఎన్నో ఏళ్ల తరవాత దేవుణ్ణి తలుచుకున్నాడు. చివరికి ఓడ ఎలాగో ఐర్లండు ఒడ్డు చేరింది. కొత్త జన్మ ఎత్తినట్టు భావించి, ముసలితనం దాకా ఏటా మార్చి 21ని ప్రార్థనలో గడిపేవాడు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు చెప్పుకోవలసింది ఆ తరవాతి సంగతి. ఇంత జరిగాక న్యూటన్ ఏం చేశాడనుకున్నారు? బానిసలను రవాణా చేసే ఓడకి కెప్టెనయ్యాడు! 1750 నుంచి 1754 వరకు మూడుసార్లు ఆఫ్రికా వెళ్లి, మనుషుల్ని కొని, సముద్రం దాటించి అమ్మాడు.

నోరు అదుపులో పెట్టుకున్నాడు. ఆదివారాలు కలాసీలను కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు. 1750లోనే పెళ్లాడిన మేరీకి ఎంతో ప్రేమగా ఉత్తరాలు రాసేవాడు. ఆయన కూర్చుని రాసే బల్లకింద, ఓడ అడుగుభాగంలో, ఒకరి భార్యలూ ఒకరి బిడ్డలూ బందీలై మూలిగేవారు. ఒకసారి తిరుగుబాటు చేస్తారేమోనని అనుమానం వచ్చి, కుర్రవాళ్ల బొటనవేళ్లు ఇనుపమరలో బిగించి నిజం చెప్పించాలని చూశాడు. ఆ సంగతి తన దినచర్యలో తానే రాసుకున్నాడు.

ఇదంతా వేషమా? కాదు. భక్తి నిజమైనదే. కాని ఆయన లెక్కలో పాపమంటే తిట్లూ, తాగుడూ, తిరుగుళ్లూను. పొట్టపోసే వ్యాపారం ఆ లెక్కలోకి రాలేదు. చుట్టూ వున్న పెద్దమనుషులూ దాన్ని గౌరవమైన పనిగానే చూసేవారు. 1754లో సముద్రం మీదికి పోవడం మానేసినా, అది అంతరాత్మ అడ్డుపడి కాదు. ఉన్నట్టుండి మూర్ఛలాంటి జబ్బు వచ్చి మానేశాడు.

తరవాత లివర్‌పూల్ రేవులో సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. 1764లో ఓల్నీ అనే చిన్న ఊళ్లో పాదిరీ అయ్యాడు. 1773 కొత్త సంవత్సరం రోజు ప్రార్థన కోసం ఆ ప్రసిద్ధమైన గీతం రాశాడు. అప్పటికీ బానిస వ్యాపారం తప్పని పదిమందిలో నోరు విప్పలేదు.

1785లో విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు, రాజకీయాలు వదిలేసి దైవసేవలో దిగుదామా అని సలహాకోసం వచ్చాడు. వున్నచోటే వుండి దేవుడి పని చెయ్యమన్నాడు న్యూటన్. బానిస వ్యాపారం మీద పార్లమెంటులో పోరాడింది ఆ విల్బర్‌ఫోర్సే. 1788లో న్యూటన్ కూడా కలం పట్టాడు. ఓడల్లో ఆడవాళ్లమీద జరిగిన అత్యాచారాలతో సహా, తాను చూసిందంతా చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. అందులో తానూ ఒక పాత్రధారినేనని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చిందని కూడా తానే అన్నాడు. ఓడ దిగాక ముప్ఫైనాలుగేళ్లు మరి! ఆ తరవాత విచారణ సంఘాల ముందు నిలబడి సాక్ష్యమూ చెప్పాడు.

1791లో నిషేధం బిల్లు ఓడిపోయింది. అప్పుడు ఇంగ్లండులో ఇల్లాళ్లు ఒక పనిచేశారు. బానిసల చెమటతో పండిన పంచదార టీలో వెయ్యడం మానేశారు. అలా మానినవాళ్లు మూడు లక్షల మంది వుంటారని ఆ ఉద్యమంలో తిరిగిన క్లార్క్‌సన్ అంచనా వేశాడు. ఓడరేవులో మొదలైన పాపం వంటింటి పంచదార డబ్బా దాకా వచ్చిందని వాళ్లు గ్రహించారు.

1807 మార్చిలో బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చూపు మందగించిన న్యూటన్, అది విని, అదే ఏడాది డిసెంబరు 21న కన్నుమూశాడు. బ్రిటిషు వలసల్లో వున్న బానిసల విడుదలకు మాత్రం 1833లో ఇంకో చట్టం రావలసివచ్చింది.

మారుమనస్సు ముందు నాలుకకి వస్తుంది. తరవాత అలవాట్లకి వస్తుంది. డబ్బు దగ్గరికి వచ్చేటప్పటికి చాలా నెమ్మదిస్తుంది. ఏ మతంవారికైనా ఇంతే. పూజగదిలో వున్న దయ, పనిమనిషికి జీతం లెక్కపెట్టేచోటికి రావడానికి ఎన్నాళ్లు పడుతోందో మనమూ ఒకసారి చూసుకుంటే తప్పులేదు.